టెస్ డేటా: ఫ్లాటెన్ చేశాక పై మెన్సే-సి ట్రాన్సిట్ మాయమవుతోంది, ఎందుకు?

అశ్విని24 (ప్రశ్న)

గ్రహాలు వెతికే నాసా టెలిస్కోపు టెస్ మొదటి సెక్టార్ (ఒక విడతలో చూసిన ఆకాశపు ముక్క, 2018 జులై 25 – ఆగస్టు 22) డేటాలోంచి పై మెన్సే-సి అనే గ్రహం ట్రాన్సిట్ (గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటేటప్పుడు వెలుగులో వచ్చే పల్లం) తీస్తున్నాను. పైథాన్‌లో లైట్‌కర్వ్ ప్యాకేజీ, స్పాక్ (టెస్ డేటాని శుద్ధి చేసే నాసా కేంద్రం) వాళ్ల 2 నిమిషాల పీడీసీశాప్ ఫ్లక్స్ (పరికరం దోషాలు దిద్దిన వెలుగు కొలతలు). ఖాళీ విలువలు తీసేశాను, సెట్టింగులేవీ మార్చకుండా ఫ్లాటెన్ చేశాను (నెమ్మదిగా మారే ట్రెండ్‌ని తీసేశాను), కక్ష్యా కాలమైన 6.268 రోజులకు ఫోల్డ్ చేసి (అన్ని చుట్లనీ ఒకదానిమీద ఒకటి పేర్చి) 10 నిమిషాల బిన్నులు వేశాను.

పల్లం 300 పీపీఎం (పది లక్షల్లో 300 వంతులు) దగ్గర రావాలి. నాకు ట్రాన్సిట్ నడిమధ్యలో పల్లమే లేదు, పైగా ఫ్లక్స్ కాస్త ఎక్కువే ఉంది. గ్రహం లోపలికి వచ్చేచోట, బయటికి వెళ్లేచోట మాత్రం రెండు చిన్న గుంటలు, ఒక్కోటి 100–150 పీపీఎం. వాటికి ఆనుకుని బయటివైపు ఇంచుమించు అంతే ఎత్తు ఉబ్బులు. పీరియడ్ తప్పా? పక్క నక్షత్రం వెలుగు కలుస్తోందా?

తోకచుక్క

రెండూ కాదండీ. పీరియడ్ తప్పితే పల్లం అడ్డంగా సాగి పలచబడుతుంది, మధ్యలో పైకి లేవదు. పక్క నక్షత్రం వెలుగు కలిస్తే లోతు తగ్గుతుంది కానీ ఆకారం అలాగే ఉంటుంది. టెస్ పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు కాబట్టి మసక నక్షత్రాల విషయంలో అది పెద్ద తలనొప్పే. పై మెన్సే మాత్రం కంటికి కనిపించేంత ప్రకాశమైనది (5.65 మాగ్నిట్యూడ్), పైగా పీడీసీశాప్‌లో ఆ దిద్దుబాటు ముందే జరిగిపోయి ఉంటుంది.

మీరు చెప్పిన ఉబ్బులే అసలు ఆనవాలు. ఫ్లాటెన్‌లో విండో లెంగ్త్ (ఫిల్టర్ ఒక్కసారికి చూసే డేటా వెడల్పు) డిఫాల్ట్ 101. అది గంటల్లో కాదు, పాయింట్లలో. 2 నిమిషాల డేటాకి 101 అంటే 3.4 గంటలు. ఈ ట్రాన్సిట్ నిడివి సుమారు 2.95 గంటలు, అంటే 89 పాయింట్లు. విండో, పల్లం దాదాపు ఒకే వెడల్పు కావడంతో ఫిల్టర్ ఆ పల్లాన్నే నక్షత్రపు ట్రెండ్ అనుకుని భాగించేసింది. విండోని ట్రాన్సిట్‌కి మూడింతలు చేయండి, 301 పెడితే సరిపోతుంది.

ఉత్తర_ఫల్గుణి

కారణం సరిగ్గా పట్టుకున్నారు, కానీ 301 సరిపోదండీ. మూడింతల సూత్రం చాలాచోట్ల కనిపిస్తుంది, చిన్న గ్రహాలకి అది గట్టి దెబ్బ కొడుతుంది.

ఫ్లాటెన్ లోపల ఉన్నది సావిట్‌స్కీ-గోలే ఫిల్టర్, రెండో డిగ్రీ పాలినోమియల్. అది నడిమి పాయింట్లకి ఎక్కువ బరువు, అంచులకి రుణ బరువు ఇస్తుంది. విండో బాగా వెడల్పుగా ఉన్నప్పుడు ట్రాన్సిట్ మధ్యలో అది మింగే వాటా సుమారుగా 9/4 × (ట్రాన్సిట్ నిడివి ÷ విండో). ఇరుకు విండోలకి పూర్తి లెక్క వేయాలి. 89 పాయింట్ల పల్లానికి వేస్తే: 101కి మధ్యలో 113 శాతం (మీకు మధ్యలో పైకి లేచింది ఇందుకే), 301కి 63 శాతం, 501కి 39 శాతం, 901కి 22 శాతం, 1501కి కూడా 13 శాతం. ఒట్టి వెడల్పుతో నెగ్గాలంటే విండో రోజులకి రోజులు పెరగాలి, అప్పుడేమో అసలు తీసేయాల్సిన ఊగిసలాటలు మిగిలిపోతాయి.

కాబట్టి మాస్క్ వేయండి. క్రియేట్ ట్రాన్సిట్ మాస్క్‌కి పీరియడ్ 6.268, ట్రాన్సిట్ టైమ్ 1325.504, డ్యూరేషన్ 0.185 రోజులు ఇవ్వండి. డ్యూరేషన్ అసలు నిడివికి ఒకటిన్నర రెట్లు పెట్టాను, అంచులు తప్పించుకోకుండా. వచ్చిన మాస్క్‌ని ఫ్లాటెన్‌లో మాస్క్ ఆర్గ్యుమెంట్‌గా, విండో 901తో ఇవ్వండి. మాస్క్ పడ్డ పాయింట్లు ట్రెండ్ ఫిట్‌లోకి రావు, అక్కడ ట్రెండ్‌ని అటూఇటూ ఉన్నదాన్నిబట్టి పూరిస్తుంది.

అశ్విని24

వివరంగా చెప్పారు, చాలా థాంక్సండీ. రెండు సందేహాలు. వాస్ప్-18బికి ఇదే డిఫాల్ట్‌తో పల్లం దాదాపు పూర్తిగా వచ్చింది, అక్కడెందుకు మింగలేదు? రెండు, మాస్క్ వేసినా నాకు గ్రాఫ్ ఇసుమంత కూడా మారలేదు.

ఉత్తర_ఫల్గుణి

మొదటిదానికి: ఫ్లాటెన్ ఫిట్ చేసేముందు మీడియన్‌కి 3 సిగ్మా (డేటా చెదురుకి మూడింతలు) దాటిన పాయింట్లని తనే పక్కన పెడుతుంది. వాస్ప్-18బి పల్లం ఒక శాతం దగ్గర, కక్ష్యా కాలంలో పదో వంతు సేపే ఉంటుంది. అందుకని దాని అడుగంతా 3 సిగ్మా బయట పడి, అనుకోకుండా మాస్క్ అయిపోతుంది. పై మెన్సే-సిలో ఒక్కో పాయింట్ చెదురుతో పోలిస్తే 300 పీపీఎం అంత లోతు కాదు, ఆ రక్షణ దొరకదు. వాస్ప్-18బి లాంటి హాట్ జూపిటర్ (నక్షత్రానికి బాగా దగ్గరగా తిరిగే భారీ గ్రహం) మీద పనిచేసిన సెట్టింగుల్ని చిన్న గ్రహానికి దించుకోకూడదు.

రెండోదానికి: ట్రాన్సిట్ టైమ్ 2458325.504 అని ఇచ్చారేమో చూడండి. టెస్ ఫైళ్లలో కాలం బీటీజేడీ, అంటే బీజేడీ (ఖగోళశాస్త్రంలో వాడే రోజుల లెక్క) అంకెలోంచి 2457000 తీసేసినది. పెద్ద అంకె ఇస్తే ఎర్రర్ రాదు. మాస్క్ నిశ్శబ్దంగా వేరే ఫేజ్ మీద పడుతుంది. మాస్క్ పడ్డ పాయింట్లని వేరే రంగులో గీసి చూడందే ముందుకెళ్లొద్దు.

రోహిణి_రాత్రి

ఈ జాగ్రత్త ఎందుకో అంకెల్లో చూపిస్తాను. నక్షత్రం వ్యాసార్ధం సూర్యుడికి 1.10 రెట్లు, అంటే భూమికి సుమారు 120 రెట్లు. 300 పీపీఎంకి వర్గమూలం 0.0173, గ్రహం భూమికి 2.08 రెట్లు. పల్లంలో సగం పోయిందనుకోండి, అదే గ్రహం 1.47 రెట్లు అవుతుంది. ద్రవ్యరాశి 4.5 భూములు అనుకుంటే సాంద్రత ఘన సెంటీమీటరుకి 2.8 గ్రాముల నుంచి 7.8కి ఎగబాకుతుంది. అంటే దట్టమైన వాతావరణం ఉండాల్సిన గ్రహాన్ని ఒక్క విండో సెట్టింగ్ రాతి గ్రహంగా మార్చేస్తుంది. హబుల్‌తో దీని ట్రాన్సిట్‌లో అయనీకృత కార్బన్ శోషణ కనిపించినట్టు 2021లో ప్రచురించారు, వాతావరణం తప్పించుకుపోతోందనడానికి అది గట్టి సూచన. దాన్ని అర్థం చేసుకోవాలన్నా ముందు వ్యాసార్ధం సరిగ్గా ఉండాలి.

ఇక ఈ సెక్టార్‌లో మూడు గతుకులు. డేటా 1325.29 దగ్గర మొదలవుతుంది, మొదటి ట్రాన్సిట్‌కి ముందు మూడున్నర గంటల బేస్‌లైనే ఉంటుంది, అక్కడ ఫిల్టర్ అంచు ఒరిగిపోతుంది. లోతు కొలవడానికి మిగతా నాలుగూ (1331.77, 1338.04, 1344.31, 1350.58) వాడండి. 1347–1349 మధ్య పాయింటింగ్ వణికింది, ఆ ముక్క మొత్తం కోసేయండి. సుమారు రెండున్నర రోజులకోసారి టెలిస్కోపుని తిప్పే చక్రాల మొమెంటం దించేచోట చిన్న మెట్లు ఉంటాయి, క్వాలిటీ ఫ్లాగులు డిఫాల్ట్‌లోనే ఉంచితే చాలావరకు పోతాయి.

చివరికి మీ పద్ధతిని నమ్మే ముందు దొంగ ట్రాన్సిట్ పెట్టి చూడండి. ఫ్లాటెన్‌కి ముందే, అసలు ట్రాన్సిట్లకి రెండు రోజుల తర్వాత, 2.95 గంటలపాటు ఫ్లక్స్‌ని 0.9997తో గుణించండి. (సగం ఫేజ్‌లో పెడితే నాలుగోది 1347.44 దగ్గర, సరిగ్గా ఆ వణుకులో పడుతుంది.) ఆ చోట్లకీ మాస్క్ వేసి, అదే దారిలో నడిపి, ఎంత లోతు తిరిగొచ్చిందో కొలవండి. ఒకసారి ఆ మాస్క్ తీసేసి కూడా నడపండి, ఉత్తర_ఫల్గుణి గారు చెప్పిన 22 శాతం మీ గ్రాఫ్‌లోనే కనిపిస్తుంది.