మొయినాబాద్‌లో గుర్రం కిరాయి 21,000 అయింది. చేవెళ్లలో పొలానికి మార్చెయ్యొచ్చా?

లంగర్‌హౌస్ మందులషాపు:

మాది చిన్న మెడికల్ షాపు. నాకో కాఠియావాడీ జాతి ఆడగుర్రం ఉంది, పేరు బిజిలీ, వయసు 11 ఏళ్లు. మొయినాబాద్ దగ్గర ఒక రైడింగ్ స్కూల్లో నెల కిరాయికి ఉంచాను. కొన్న కొత్తలో 14,000 తీసుకునేవారు, మేత, దాణా, సాయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) అన్నీ అందులోనే. ఇప్పుడు 21,000. వాళ్లని అనడానికీ లేదు, లూసర్న్ గడ్డి, తవుడు ధరలు నేనూ చూస్తున్నాను. నాడాలు, డాక్టరు, పురుగుల మందు మళ్లీ వేరే. ఇటు పాప ఇంజనీరింగ్ ఫీజు, షాపు అద్దె. ఆన్‌లైన్ వాళ్లిచ్చే డిస్కౌంటు మేం ఇవ్వలేక గిరాకీ తగ్గింది. ఒకటో తారీఖు వస్తుందంటే టెన్షన్.

మా బామ్మర్దికి చేవెళ్ల దగ్గర ఎకరం పొలం, రెండు బర్రెలు, ఒక ఖాళీ కొట్టం ఉన్నాయి. "తెచ్చి కట్టెయ్ బావా, బర్రెలతో పాటే తింటది" అంటాడు. లెక్క వేస్తే నెలకు 9,000తో సరిపోయేలా ఉంది. మా ఆవిడ అమ్మెయ్యమని నోటితో అనదు. ఉలవలు ఉడకబెట్టి నీళ్లు చారుకు తీసుకుని, గింజలు డబ్బాలో పోసి నాకిచ్చేటప్పుడు మాత్రం కిలో ధర గుర్తు చేస్తుంది. బరాత్ గుర్రాలవాళ్లు ఇద్దరు అడిగారు కానీ నాకు మనసొప్పలేదు. గాలికి టార్పాలిన్ కొట్టుకుంటేనే పక్కకు దూకే గుర్రం, డీజే ముందు ఏం నిలబడుతుంది?

పొలంలో పెట్టుకున్నవాళ్లు చెప్పండి, నిజంగా ఏమైనా మిగులుతుందా?

కార్వాన్ ఘోడేవాలా:

భయ్యా, మావి బరాత్ గుర్రాలే. మేమూ ప్రేమగానే పెంచుతాం, అది పక్కన పెట్టు. మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగుతాయి, ఆషాఢంలో ఆగుతాయి, గుర్రం తినడం ఆగదు. ఆ నెలల్లో మేం ఏం చేస్తామో చెబుతా. గడ్డి తగ్గించం, దాణా తగ్గిస్తాం. నువ్వు ఎక్కేది శని, ఆదివారాలేగా? దానికి రోజూ ఉలవలు, బార్లీ ఎందుకు? మెల్లమెల్లగా సగానికి తెచ్చి, పక్కటెముకల మీద చెయ్యి పెట్టి చూస్తూ ఉండు. ఇంకోటి, నాడాలు. డాంబరు రోడ్డు మీద నడిచే మా గుర్రాలకు తప్పదు. నీది మట్టి నేల. వెనక కాళ్లవి తీయించి, గిట్టలు మాత్రం చెక్కించి కొన్నాళ్లు చూడు.

2024 జనవరిలో బంకుల్లో పెట్రోలు దొరకనప్పుడు చంచల్‌గూడలో ఒకాయన గుర్రమెక్కి ఫుడ్ డెలివరీకి పోయిన వీడియో గుర్తుందా? అందరూ గుర్రమే చవక అన్నారు. మేత బిల్లు కట్టేవాణ్ని ఒక్కరూ అడగలేదు.

రిటైర్డ్ వెటర్నరీ:

"బర్రెలతో పాటే తింటది" అన్న మాట దగ్గరే నాకు భయం వేసింది. బర్రె నెమరు వేస్తుంది, గుర్రం వేయదు. బర్రెకు సరిపోయే వరిగడ్డి మీదే గుర్రాన్ని ఉంచితే పేగులో అడ్డుపడి కడుపునొప్పి వస్తుంది. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు కాబట్టి అది ప్రాణం మీదికి వస్తుంది. పచ్చి జొన్న కూడా వారాల తరబడి అదే పెడితే మూత్రాశయం దెబ్బతింటుంది, వెనక కాళ్లు తూలతాయి. అన్నిటికంటే ముఖ్యం, బర్రెల దాణా బస్తా దానికి అందకూడదు. కొన్ని దాణాల్లో మోనెన్సిన్ కలుపుతారు. పశువులకు పనికొచ్చే ఆ మందే గుర్రం గుండెకు విషం.

350 కిలోల గుర్రానికి రోజుకు 6, 7 కిలోల మంచి ఎండుగడ్డి కావాలి. అదీ రోజంతా కొంచెం కొంచెంగా, ఎందుకంటే దాని పొట్ట 8 నుంచి 15 లీటర్లే పడుతుంది. మీ 9,000 లెక్కలో ఈ గడ్డి ఉందా? కార్వాన్ ఆయన చెప్పింది సరైన మాట, కోత పెడితే దాణాలో పెట్టండి.

శంకర్‌పల్లి అక్క:

తమ్ముడూ, నేను పొలంలో పెట్టి చూసినదాన్ని. మేతలో మిగిలింది, మనిషి దగ్గర పోయింది. పొద్దున్నే లద్దె ఎత్తాలి, నీళ్లు పెట్టాలి, మాలీషు చెయ్యాలి, గిట్టల్లో రాళ్లు తియ్యాలి. పొలం పనివాడు రెండు వారాలు చేసి "గుర్రం తంతదమ్మా" అని మానేశాడు. సాయీసును పెట్టుకుంటే జీతం, గది, భోజనం. ఒక్క గుర్రానికి ఆ జీతం అంతా మీ నెత్తినే. స్కూల్లో అయితే ఒక మనిషి నాలుగైదు గుర్రాలను చూస్తాడు. పైగా ఒంటరిగా కడితే తిండి మానేసి గేటు వైపే చూసేది. చివరికి తోడుకని మేకను కొన్నాం, దాని ఖర్చు మళ్లీ!

మళ్లీ స్కూల్లో పెట్టాక నాకు పనికొచ్చింది సగం లీజు. స్కూల్లోనే బాగా నేర్చుకున్న అమ్మాయి ఒకరు వారంలో మూడు రోజులు ఎక్కుతుంది, నెల కిరాయిలో సగం కడుతుంది. గుర్రం నాదే. లద్దె మాత్రం మొయినాబాద్ పూల తోటలవాళ్లు ట్రాక్టర్ తెచ్చి పట్టుకెళ్తారు. దాని మీద పెద్దగా రాదు కానీ ఎత్తిపోసే కూలీ తప్పుతుంది.

లంగర్‌హౌస్ మందులషాపు:

డాక్టరుగారూ, ఆ 9,000లో ఎండుగడ్డి ఉంది కానీ మా బామ్మర్ది చెప్పిన వరిగడ్డి ధరకే వేశాను. సాయీసును వెయ్యనే లేదు. రెండూ కలిపితే చేవెళ్ల మాట మర్చిపోవాల్సిందే. ఆదివారం స్కూలు ఓనరుతో దాణా తగ్గించి ఆ మేరకు కిరాయి తగ్గిస్తారేమో మాట్లాడతాను. అక్కా, సగం లీజుకు మీరు రాసుకున్న కాగితం ఏదైనా ఉందా?

శంకర్‌పల్లి అక్క:

ఉంది, ఫొటో పంపుతాను. అందులో నేను తర్వాత చేర్పించినవి మీరు ముందే రాయించుకోండి. రాత్రిపూట కడుపునొప్పి వస్తే డాక్టరు ఖర్చు ఎవరిది, ఆ అమ్మాయి పడితే బాధ్యత ఎవరిది, మీకు చెప్పకుండా వేరేవాళ్లను ఎక్కించొచ్చా లేదా. జీను మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోమనకండి. బిజిలీ వీపుకు సరిపోయేదే ఇద్దరూ వాడాలి, లేకపోతే పుండ్లు పడతాయి.