సింగర్ కథల్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేయొచ్చా?

పుస్తకాల అటక:
యూదు రచయిత ఐజాక్ బాషెవిస్ సింగర్ కథ ‘గింపెల్ ది ఫూల్’ తెలుగు చేస్తున్నాను. సగంలో చెయ్యి ఆగిపోయింది. ఫ్రాంపోల్ అనే ఊళ్ళో రొట్టెలు కాల్చే గింపెల్ ఎవరేం చెప్పినా నమ్ముతాడు, ఊరంతా వాణ్ని ఆటపట్టిస్తుంది. భార్యకు పుట్టిన బిడ్డలు తన బిడ్డలు కారని తెలిసినా ప్రేమగా పెంచుతాడు. సింగర్ దీన్ని రాసింది యిద్దిష్‌లో. అది తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష, హీబ్రూ లిపిలో రాస్తారు. నా చేతిలో ఉన్నదేమో అమెరికన్ రచయిత సాల్ బెలో 1953లో చేసిన ఇంగ్లీషు. అనువాదాన్ని మళ్ళీ అనువదించి ‘సింగర్ కథ’ అని పేరు పెట్టడం న్యాయమేనా?

పెన్నా ఒడ్డు:
నా మాట కటువుగా ఉంటే మన్నించండి. న్యాయం కాదు. చక్రపాణి గారు బెంగాలీ నేర్చుకుని శరత్‌ని తెచ్చారు, అందుకే శరత్ మన ఇంటి మనిషి అయ్యాడు. పైగా మీ చేతిలోని ఇంగ్లీషు పూర్తిగా లేదు. యిద్దిష్ కథలో గింపెల్ ఏసుకు తండ్రే లేడంటారు కదా అని తనకు తాను సర్దిచెప్పుకునే మాట ఒకటి ఉంది. ఇంగ్లీషులో అది లేదు. క్రైస్తవులు ఎక్కువున్న దేశంలో ఎందుకొచ్చిన గొడవ అనుకున్నారేమో. ఇంట్లో ధైర్యంగా అనుకునే మాటను పక్కింటివాళ్ళు వింటారని మింగేయడం లాంటిదే ఇది. ఆ మింగుడు తెలుగులోకి కూడా రావాలా?

లలిత_డాలస్:
పెన్నా ఒడ్డు గారూ, శరత్ సంగతి వేరండి. సింగర్ 1935 నుంచి అమెరికాలోనే ఉన్నాడు. అనువాదకుల పక్కన కూర్చుని తన పుస్తకాలను తానే ఇంగ్లీషులోకి చెప్పి రాయించాడు, కోసాడు, మార్చాడు. వాటిని ‘రెండో మూలం’ అన్నాడు. మిగతా భాషల్లోకి ఇంగ్లీషు నుంచే చేయమన్నది ఆయనే. రచయితే అనుమతి ఇచ్చాక మనకెందుకు టెన్షన్? యిద్దిష్ నేర్చిన తెలుగువాళ్ళ కోసం ఎదురుచూస్తే మన పిల్లలకు కూడా సింగర్ అందడు.

రాత్రి చదువరి:
రచయిత అనుమతి ఒక్కటే చాలదు. సింగర్ నవల ‘ది ఫ్యామిలీ మోస్కాట్’ సంగతి చూడండి. వార్సాలోని ఒక పెద్ద యూదు కుటుంబం కథ, 1950లో వచ్చింది. నగరం మీద బాంబులు పడుతుండగా ఒక పాత్ర, ‘మృత్యువే మెస్సయ్య, అసలు నిజం అదే’ అంటుంది. మెస్సయ్య అంటే యూదులు ఎదురుచూసే రక్షకుడు. ఇంగ్లీషు నవల అక్కడితో అయిపోతుంది. యిద్దిష్‌లో ఆ తర్వాత ఇంకో అధ్యాయం ఉంది, అందులో ఆశ ఇంకా మిగిలే ఉంటుంది.

ఈ తేడా గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. ఆ నవలను యిద్దిష్‌లో చదివినవాళ్ళెవరు? పోలండ్ నుంచి వచ్చి, అక్కడ మిగిలిన తల్లినీ చెల్లెలినీ నాజీల చేతుల్లో పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. మృత్యువు గురించి వాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది? ‘మృత్యువే మెస్సయ్య’ అన్న మాటతో పుస్తకం మూసేసి వెళ్ళిపోవడానికి సింగర్‌కు మనసొప్పలేదని నేను నమ్ముతాను. ఇంగ్లీషు పాఠకుడికి ఆ గాయం లేదు, కాబట్టి వాడికి చీకటి మాత్రమే చూపించాడు. రచయిత ఒక్కడే, పుస్తకాలు రెండు. ఇంగ్లీషు నుంచి చేయండి, తప్పు లేదు. కానీ అది ఇంగ్లీషు పుస్తకమని అట్ట మీదే వేయండి.

లలిత_డాలస్:
ఇది నాకు తెలియదు. అట్ట మీద వేయాలన్నదానికి ఒప్పుకుంటాను. నోబెల్ వచ్చినప్పుడు, 1978లో, ఆయన ఉపన్యాసం మొదట్లో కొంత యిద్దిష్‌లోనే చదివాడు. ఆ భాష పేరు పాఠకుడి కంట పడాలి.

పెన్నా ఒడ్డు:
అట్ట సరే. లోపల మాటల సంగతేంటి? యిద్దిష్‌లో పేరు ‘గింపల్ తాం’. తాం అంటే తెలివితక్కువవాడు కాదు. పస్కా పండుగ రాత్రి యూదులు చదివే హగ్గదాలో నలుగురు కొడుకుల ప్రస్తావన వస్తుంది. తెలివైనవాడు, దుష్టుడు, తాం, ప్రశ్న అడగడమే తెలియనివాడు. తాం అక్కడ కల్లాకపటం లేనివాడు. బెలో వాణ్ని ‘ఫూల్’ చేశాడు, మీరు ‘వెర్రివెంగళప్ప’ చేస్తారు. రెండు మెట్లు దిగేసరికి మనిషే మారిపోయాడు.

గుంటూరు సుందరి:
ఇన్నాళ్ళూ చదివి ఊరుకునేదాన్ని, ఈ మాట దగ్గర ఆగలేకపోయాను. మా ఇంట్లో రోజూ బైబిలు చదువుతాం. ఆదికాండంలో ఏశావు వేటగాడు, యాకోబు ‘సాధువై గుడారములలో నివసించుచుండెను’ అని ఉంటుంది. అక్కడ హీబ్రూ మాట ‘తాం’ అని మా పాస్టరుగారు ఒకసారి చెప్పారు. ఆ మాటకు తెలుగు ఎప్పుడో దొరికింది కదండీ.

పుస్తకాల అటక:
సుందరి గారూ, మీ మాట చదివి లేచి మా అమ్మ బైబిలు తీసి చూశాను. నిజమే. కథ చివర గింపెల్ సంపాదించిందంతా పిల్లలకు పంచేసి, ఊరు వదిలి, దేశాలు తిరుగుతూ కథలు చెప్పుకుని బతుకుతాడు. మన ‘సాధువు’లో ఆ నెమ్మదీ ఉంది, ఆ తిరుగుడూ ఉంది. ‘ఫూల్’లో రెండూ లేవు. అయితే పేరు చూడగానే కాషాయం గుర్తొస్తుందేమోనని ఒక భయం.

ప్రస్తుతానికి ‘సాధు గింపెల్’ అని రాసుకున్నాను. కింద ‘యిద్దిష్ కథకు ఇంగ్లీషు ద్వారా తెలుగు’ అని ఉంటుంది. పెన్నా ఒడ్డు గారు చెప్పిన ఆ జారిపోయిన మాట కోసం యిద్దిష్ చదవగలవారిని వెతుకుతున్నాను. మీకెవరైనా తెలిస్తే ఇక్కడే చెప్పండి. అది దొరికేదాకా ఆ పేజీ ఖాళీగానే ఉంచుతాను.