థాయ్ భోజనానికి ముందు ఏం పెట్టాలి? సూపా, సాటేనా?

కొత్తిల్లు: శనివారం రాత్రి మా ఇంటికి ఎనిమిది మంది వస్తున్నారు. గ్రీన్ కర్రీ, జాస్మిన్ రైస్ ఖాయం. ఇద్దరు శాకాహారులు. ముందు టోమ్ యమ్, అదే రొయ్యలు వేసే పుల్లటి కారం సూప్, పెడదామనుకుంటున్నా. ఏమంటారు?

రోకలిబండ: అసలు థాయ్ ఇళ్ళలో స్టార్టర్ అనే పద్ధతే లేదండీ. అన్నం, కూర, పులుసు, వేపుడు, నామ్ ప్రిక్ అనే మిరపకాయ పచ్చడి అన్నీ ఒకేసారి మధ్యలో పెడతారు. అందరూ వాటిలోంచే కొంచెం కొంచెం వేసుకుంటారు. టోమ్ యమ్ కూడా అన్నంతో తినేదే. ముందు సూప్, తర్వాత కూర అన్నది రెస్టారెంట్ అలవాటు.

చిన్నమ్మాయి: పుల్లలకి గుచ్చి కాల్చే చికెన్ సాటే చేసేయండి.

రోకలిబండ: సాటే జావా వైపు నుంచి వచ్చింది. బండి దగ్గర నిలబడి తినేది.

పచ్చిమిర్చి: ఎక్కడి నుంచి వస్తేనేం అన్నా? బ్యాంకాక్ వీధుల్లో పల్లీ సాస్‌తో, ఆజాట్ అనే కీరదోస పచ్చడితో అమ్ముతున్నారు కదా. మిరపకాయ అమెరికా ఖండాల నుంచి వచ్చింది. దాన్నీ తీసేసి వండుతారా?

రోకలిబండ: మిరపకాయ లేని థాయ్ వంటిల్లు ఉండదు. సాటే లేని ఇళ్ళు బోలెడు.

తులసికోట: ఇద్దరు శాకాహారులన్న మాట ఎవరూ చదవలేదా? టోమ్ యమ్‌లో రొయ్యలు తీసేసి పుట్టగొడుగులు వేసినా ఫిష్ సాస్ ఉంటుంది. కొనుక్కొచ్చే గ్రీన్ కర్రీ పేస్టుల్లో చాలావాటిలో రొయ్యల ముద్ద ఉంటుంది. ఒకరింట్లో నాకు ‘ప్యూర్ వెజ్’ అని ఈ సూపే పోశారు. తాగాక వంటింట్లో ఫిష్ సాస్ సీసా కనబడింది. అడిగితే ‘రెండు చుక్కలేగా’ అన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

రోకలిబండ: ఫిష్ సాస్ లేకపోతే అది నిమ్మరసం చారు. వాళ్ళకి విడిగా ఏదో ఒకటి చేయండి.

తులసికోట: ‘ఏదో ఒకటి’! ఎప్పుడూ ఇదే మాట. అందరూ ఒకే గిన్నెల్లోంచి తింటారని చెప్పింది మీరే, మమ్మల్ని విడిగా కూర్చోబెట్టేదీ మీరే. థాయ్‌లాండ్‌లో ‘జే’ అనే శాకాహార భోజనం లేదా? ఫుకెట్‌లో ఏటా తొమ్మిది రోజులు శాకాహార పండుగ చేస్తారు. వాళ్ళు వండేది థాయ్ వంట కాదా?

చిన్నమ్మాయి: అక్కా, కొంచెం శాంతం.

రోకలిబండ: శాంతం నాకూ కావాలి. ఇద్దరి కోసం అందరి వంటా ఎందుకు మారాలి? మా నాన్నగారికి ఎండుచేపల పులుసంటే ప్రాణం. చుట్టాలు వస్తే వాసనని మా ఇంట్లో పొయ్యి మీదికి రానిచ్చేవాళ్ళు కాదు. ప్రతిసారీ ఆయనే సర్దుకున్నారు. ఆయనకి ఏం కావాలని ఒక్కరూ అడగలేదు.

తులసికోట: అది అన్యాయమే, కాదనను. కానీ ఆయనకి చెప్పి మానేశారు, నాకు చెప్పకుండా పోశారు. ఫిష్ సాస్ ఉందని ముందే చెప్తే పెరుగన్నం తిని వస్తాను. బాధేమీ లేదు.

పచ్చిమిర్చి: మియాంగ్ ఖమ్ పెట్టండి, ఆకులో చుట్టుకుని పాకం వేసుకుని తినే చిరుతిండి. వేయించిన కొబ్బరి, పల్లీలు, అల్లం, ఉల్లి, పచ్చిమిర్చి, తొక్కతోపాటు తరిగిన నిమ్మ ముక్కలు, అన్నీ వేరువేరు గిన్నెల్లో. ఎండు రొయ్యలూ వేరే గిన్నెలో. ఎవరి పొట్లం వాళ్ళే చుట్టుకుంటారు. పొయ్యి దగ్గర నిలబడే పని లేదు. లేత తమలపాకులు చాలు.

రోకలిబండ: దానికి వాడేది చాఫ్లూ ఆకు. తమలపాకు ఘాటు వేరు.

పచ్చిమిర్చి: అది దొరక్కపోతే పాలకూర వాడుకోవచ్చు.

కొత్తిల్లు: అయితే మియాంగ్ ఖమ్ ఖాయం. పాకం తాటిబెల్లం, చింతపండు, ఉప్పుతోనే చేస్తాను. గ్రీన్ కర్రీ పేస్టు కూడా రొయ్యల ముద్ద లేకుండా ఇంట్లోనే నూరుతాను, చికెన్ వేరే గిన్నెలో. తులసికోట గారూ, సరిపోతుందా?

తులసికోట: సరిపోతుందండీ. పల్లీలు పడనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో అడగండి. గరిటెలు కూడా వేరుగా ఉంచండి.

రోకలిబండ: రొయ్యల ముద్ద లేకపోతే రుచి తగ్గుతుంది. నా మాట మారదు.