1.5 మి.మీ పైపుకూ 10 మి.మీ పలకకూ ఒకే గ్యాస్ సరిపోతుందా?

ప్రశ్న:
నా దగ్గర 200 ఆంపియర్ల మిగ్ వెల్డింగ్ మెషిన్ (వైరును కరిగిస్తూ లోహాన్ని అతికేది) ఉంది. 0.8 మి.మీ వైరుతో, అతుకుకు గాలి తగలకుండా కాపాడే గ్యాస్‌గా కేవలం కార్బన్ డయాక్సైడ్‌తో మైల్డ్ స్టీల్ పని చేస్తున్నాను. 1.5 మి.మీ చదరపు పైపులకు తరచుగా చిల్లులు పడుతున్నాయి, చుట్టూ స్పాటర్ (కరిగిన లోహపు తుంపరలు) ఎక్కువగా పడుతోంది. అదే పైపులను 10 మి.మీ అడుగు పలకకు అతికించేటప్పుడు మాత్రం ఈ గ్యాసే బాగా పట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది. మందాన్ని బట్టి రెండు రకాల సిలిండర్లు పెట్టుకోవాలా, లేక ఆర్గాన్ మిశ్రమం ఒక్కటే చాలా?

సమాధానం 1:
ఒక్కటే చాలును. 80 శాతం ఆర్గాన్, 20 శాతం కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం తీసుకుంటే ఆర్క్ (వైరు కొన దగ్గర మండే విద్యుత్ మెరుపు) మెత్తబడుతుంది, స్పాటర్ బాగా తగ్గుతుంది, పలుచని పైపుపై వేడిని అదుపు చేయడం సులువవుతుంది. అయితే గ్యాస్ మార్చి పాత సెట్టింగ్‌తోనే వెల్డ్ చేస్తే ప్రయోజనం ఉండదు. కార్బన్ డయాక్సైడ్‌కు అవసరమైన వోల్టేజీ కంటే మిశ్రమానికి ఒకటి రెండు వోల్టులు తక్కువే సరిపోతాయి కాబట్టి, అంత తగ్గించి చూడండి. స్వచ్ఛమైన ఆర్గాన్ జోలికి మాత్రం వెళ్లవద్దు. ఉక్కుపై దాని ఆర్క్ నిలకడగా ఉండదు, బీడ్ (కరిగి గట్టిపడిన అతుకు గీత) అంచులు కోసుకుపోతాయి.

సమాధానం 2:
పై మాటతో ఏకీభవిస్తూనే, 10 మి.మీ పలక విషయంలో ఒక హెచ్చరిక చేయదలచాను. మిశ్రమంతో బీడ్ చూడముచ్చటగా వస్తుంది, మోసపోయేదీ అక్కడే. తక్కువ ఆంపియర్లతో వేసిన నా ఫిల్లెట్ (రెండు ముక్కలు కలిసే మూలలో వేసే అతుకు) ఒకదాన్ని సుత్తితో కొట్టి విరగ్గొట్టి చూస్తే, పైకి నున్నగా ఉన్న ఆ బీడ్ అడుగున నేను గ్రైండర్‌తో గీసిన గీతలు చెక్కుచెదరకుండా కనిపించాయి. అంటే లోహం కరిగి కలవలేదు, ఊరకే పైన పరుచుకుంది. కార్బన్ డయాక్సైడ్ లోతుగా, వెడల్పుగా చొచ్చుకుపోతుంది కనుక మందపు పలకపై దానికి విలువ ఉంది. ఏ గ్యాస్ వాడినా పలకపై ఉన్న నల్లటి పొలుసును గ్రైండ్ చేసి తీసేయండి, ఆర్క్‌ను ఎక్కువ సేపు పలకవైపే ఉంచి పైపు అంచును మాత్రం తాకించండి, తరువాత ఒక తునకపై అదే అతుకు వేసి విరగ్గొట్టి చూడండి.

సమాధానం 3:
స్ప్రే పద్ధతి (వైరు సన్నని తుంపరలుగా కరిగి అతుకులోకి చేరేది) గురించి ఎవరైనా సలహా ఇస్తారేమోనని ముందే చెబుతున్నాను: అందుకు ఆర్గాన్ 80 శాతానికి మించాలి, కరెంటు, వోల్టేజీ రెండూ గట్టిగా ఉండాలి, అతుకు బల్లపరుపుగానో అడ్డంగానో ఉండాలి. 1.5 మి.మీ పైపుకు అది పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్ ఒక్కదానితో స్ప్రే అసలు రాదు.

ఇంకొక మాట. చిల్లులకు గ్యాస్ కంటే సెట్టింగే పెద్ద కారణం కావచ్చు. పలుచని పైపుపై ఆపకుండా ఒకే పొడవాటి బీడ్ లాగవద్దు, చిన్న చిన్న బీడ్‌లు చోటు మార్చి మార్చి వేయండి. గ్యాస్ ప్రవాహం నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు. ఎక్కువ పెడితే సుడులు తిరిగి గాలిని లోపలికి లాగుతుంది, బీడ్‌లో సూది రంధ్రాలు పడతాయి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. మిశ్రమం సిలిండర్ ఒకటి తెచ్చుకుంటాను. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ను అడుగు పలకల కోసం అలాగే ఉంచి, రెండింటితోనూ తునకలు వేసి విరగ్గొట్టి చూస్తాను.