దామెర్ల రామారావు నీటిరంగు చిత్రాలు: గోడ మీద ఉంచాలా, చీకట్లో దాచాలా?

గోదావరి గట్టు:
అసలు చిత్రాలను బీరువాలో భద్రపరిచి, మంచి నకళ్లు వేలాడదీస్తే చాలని కొందరు మిత్రుల వాదన. నేను ఒప్పుకోలేను. దామెర్ల 1897లో రాజమండ్రిలో పుట్టి, 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లైనా నిండని ఆ జీవితంలో గీసినవే కొన్ని. వాటికీ నకళ్లేనా?

నీటిరంగుల్లో తెలుపు వేయరు, వదిలేస్తారు. నది మీద తళుకు అంటే కుంచె తగలని కాగితమే. జానెడు దూరంలో నిలబడితే, నీలం కాగితపు గరుకులో రవ్వరవ్వగా దిగడం, తడి ఆరిన చోట అంచు చిక్కబడి సన్నని గీతలా నిలవడం కనిపిస్తాయి. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తొందరపడిందో తెలిసిపోతుంది. నకలులో ముందు పోయేది ఇదే.

కాగితం పడవ:
మీ ఆరాటం అర్థమైందండీ. నేను పిల్లలకు నీటిరంగులు నేర్పుతాను. ఒక వేసవిలో అలిజరిన్ ఎరుపు పలుచగా పూసిన కాగితాన్ని సగం అట్టతో మూసి, కిటికీలో పెట్టాను. బడి తెరిచాక అట్ట తీస్తే, మూసిన సగం మందారంలా ఉంది, ఎండ తగిలిన సగం కడిగిన గోడలా ఉంది. తర్వాత ఎంతకాలం చీకట్లో ఉంచినా పోయిన రంగు తిరిగి రాదు. అందుకే కాగితం మీది చిత్రాలకు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించిన వెలుతురు వద్దంటారు, అదీ కొద్ది నెలలే. మన మనవలు ఏం చూడాలి?

గోదావరి గట్టు:
మాస్టారూ, ఏడాది పొడవునా గోడ మీదే ఉండాలన్న పట్టు వదులుకుంటున్నాను. ఆ ఎరుపు సంగతి విన్నాక వదలక తప్పదు. కానీ నకళ్ల మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. హెన్రీ వాన్ అనే సేకర్త వీలునామాలో రాసిచ్చిన, ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ గీసిన 38 నీటిరంగు చిత్రాలు 1900లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో జాతీయ చిత్రశాలకు చేరాయి. వెలుతురు తక్కువగా ఉండే జనవరిలో మాత్రమే, ఉచితంగా చూపాలని వాన్ షరతు పెట్టారు. నేటికీ జనవరి వస్తే జనం వెళ్లి చూస్తున్నారు.

మనకు జనవరి అంటే సంక్రాంతి, ఊళ్లకు అందరూ వచ్చే నెల. కిటికీలు మూసి, మసక దీపాల కింద ఆ నెల రోజులు అసలు చిత్రాలు పెట్టమందాం. మిగతా పదకొండు నెలలు మీ బీరువాకే. ఆ నెలలో మాత్రం తాడు కట్టి మమ్మల్ని ఆరడుగుల అవతల నిలబెట్టకూడదు.