క్లెమెంటే బొమ్మల్లో క్లెమెంటే చెయ్యి ఎంత?

గౌతమి_రంగులు:
ఇటలీ చిత్రకారుడు ఫ్రాంచెస్కో క్లెమెంటే మీద క్లాసులో సెమినార్ ఇవ్వాలి. 1952లో నేపుల్స్‌లో పుట్టడం, రోమ్‌లో ఆర్కిటెక్చర్ చదువు మధ్యలో వదిలేయడం, డెబ్బైల్లో మద్రాసు చేరి ఏళ్ల తరబడి వస్తూ పోతూ ఉండటం, 1981లో న్యూయార్క్‌కి మకాం మార్చడం, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నాకు కొరుకుడు పడనిది వేరే ఉంది. ‘ఫ్రాంచెస్కో క్లెమెంటే పింక్సిట్’ (లాటిన్‌లో ‘క్లెమెంటే వేశాడు’ అని) అనే 24 చిన్న బొమ్మల వరుస. అమెరికాలో వర్జీనియా మ్యూజియంలో ఉంది. మన సూక్ష్మచిత్రకారులతో కలిసి చేసినది. పేరేమో ఆయనదొక్కటే! అలాంటప్పుడు అది ఆయన పని అని ఎలా చెప్పను?

పాత_బ్యానర్:
అమ్మాయ్, నేను మద్రాసులో సినిమా బ్యానర్ల షెడ్డులో పనిచేసినవాణ్ణి. ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు గుడ్డ మీద పెద్దవి చేసి, బొగ్గుతో అవుట్‌లైన్ దింపేవాళ్లం. చొక్కా, చీర, వెనక మంటలు, కార్లు కుర్రాళ్ల వంతు. ముఖం మాత్రం మేస్త్రీ వేయాల్సిందే. మూలన ఉండేది కూడా ఆయన పేరే. మాకదేమీ అన్యాయమనిపించలేదు, కూలి సరిగ్గా చేతిలో పడితే చాలనుకునేవాళ్లం. (అది పడేది కాదు, ఆ గొడవ ఇక్కడెందుకులే.)

అందుకని ముందు పేరు సంగతి పక్కనపెట్టి బొమ్మ చూడు. ఎవరు ఏ పువ్వు వేసినా, ఆ పెద్ద కళ్ల ముఖం ఇంకొకరికి రాదు. క్లెమెంటే తన ముఖాన్నే మళ్లీ మళ్లీ వేసుకున్నాడు. నోరు, చెవులు, ముక్కు, ఒంట్లోంచి బయటికి దారి ఉన్న చోటల్లా ఆయన చూపు అక్కడే. తత్వాల్లో తొమ్మిది తూట్ల తిత్తి అంటారే, అదే.

పుదుచ్చేరి చేతికాగితం మీద వేసినవి కూడా వెతుకు. 1980 నాటి ‘టూ పెయింటర్స్’ లాంటివి. చేత్తో చేసే కాగితం అచ్చు ఎంతుంటే అంతే వస్తుంది, పెద్ద బొమ్మ కావాలంటే అతుకు తప్పదు. కాగితాలను నూలు పట్టీలతో కలిపాడు. ఆ గీత బొమ్మలోంచే పోతుంది, దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

సందుచివర_గ్యాలరీ:
ఇటలీకే చెందిన కళాకారుడు అలిగియెరో బొయెట్టిని వదిలేస్తే మీ సెమినార్ సగమే. 1974లో ఇద్దరూ కలిసి అఫ్గానిస్తాన్ వెళ్లారు. బొయెట్టి అప్పటికే ప్రపంచ పటాలను అక్కడి ఆడవాళ్ల చేత కుట్టిస్తున్నాడు, ఒక్కో దేశం హద్దుల్లో ఆ దేశపు జెండా. సూది ఆయన పట్టలేదు. పనిని పరాయి చేతికి అప్పగించడం ఎలాగో క్లెమెంటే అక్కడ దగ్గరగా చూశాడు. కాకపోతే తను కుంచె వదల్లేదు, తేడా అదే.

1979లో విమర్శకుడు అకీలె బొనీటో ఒలీవా ‘ట్రాన్స్‌అవాంగార్డియా’ అని పేరు పెట్టి కియా, కుక్కి, పలదీనో, దె మరియా అనే ఇటలీ చిత్రకారులతో కలిపి ఈయన్ని ఒక గుంపులో కట్టేశాడు. మరుసటి ఏడు వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో అంతా కలిసి కనిపించారు. కళలో బొమ్మకన్నా ఐడియాలదే రాజ్యంగా ఉన్న రోజుల్లో మళ్లీ రంగు, మనిషి బొమ్మ అన్నారు, అంతవరకు నిజమే. అంతకుమించి ఆ లేబుల్ మీద టైమ్ వేస్ట్ చేయకండి. ఐదుగురి బొమ్మలూ పక్కపక్కన పెడితే చుట్టరికం పెద్దగా కనపడదు.

గౌతమి_రంగులు:
థాంక్స్. బాబాయ్, మీ మేస్త్రీ లెక్క బాగానే ఉంది. మరి 1984లో న్యూయార్క్ చిత్రకారులు వార్హోల్, బాస్కియాలతో కలిసి, ఒకరి స్టూడియో నుంచి ఇంకొకరి స్టూడియోకి కాన్వాసులు పంపుకుంటూ వేసినప్పుడు ముగ్గురి పేర్లూ ఉన్నాయి కదా?

పాత_బ్యానర్:
అక్కడ ముగ్గురూ మేస్త్రీలే తల్లీ! న్యాయమా అంటే కాదు. ఆ కాన్వాసు ఒకటి, పింక్సిట్ బొమ్మ ఒకటి పక్కపక్కన స్లైడ్ మీద పెట్టు, క్లాసు దానంతటదే మాట్లాడుతుంది.

వాటితో పాటు నేపుల్స్‌లో మాద్రే మ్యూజియం గది కూడా పెట్టు. ‘ఆవె ఓవో’, 2005 నాటిది. గోడలకి ఫ్రెస్కో, నేలకి రంగు పలకలు. ఫ్రెస్కో అంటే తడి సున్నం ఆరేలోపు రంగు పడాలి, ఆ రోజు ఎంత వేయగలరో అంతమేరే పూత పూస్తారు. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. సొంతూళ్లో కూడా బోర్డు మీదున్నది ఆయన పేరే. మనవాళ్ల దగ్గరే ఇలా చేశాడు అనబోయే ముందు ఇదీ లెక్కలో వేసుకో.