చిన్ని అనే పేరునే సర్టిఫికెట్‌లో రాయించేయొచ్చా?

మియాపూర్_నాన్న:
అందరికీ నమస్తే. మా పాపకి ఎనిమిదో నెల. తొట్టెల రోజు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో సహస్ర అని రాశాం, 'స' అక్షరమే రావాలని మా నాన్న పట్టుబట్టారు కాబట్టి. ఆ తర్వాత ఆ పేరుతో ఒక్కరు పిలిస్తే ఒట్టు. మా అమ్మ దగ్గర్నుంచి కింద వాచ్‌మన్ దాకా అందరికీ అది చిన్నియే. సహస్రా అంటే తల కూడా తిప్పదు, చిన్నీ అంటే పాకుతూ వచ్చేస్తుంది. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఇంకా ఎక్కించలేదు, చిన్ని అనే రాయించేద్దాం అంటోంది మా ఆవిడ. మా నాన్నేమో "రేపు అది కలెక్టరయితే చిన్ని కలెక్టర్ అంటార్రా" అని కోపం. ముద్దుపేరునే అసలు పేరు చేయడం ఈమధ్య వచ్చిన ఫ్యాషనా, ముందు నుంచీ ఉందా? అలాంటి పేరుతో పెరిగినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

అబ్బులు_దిల్‌సుఖ్‌నగర్:
ఫ్యాషనేమిటి బాబూ! పాప అంటే పసిబిడ్డేగా, మరి పాపయ్య, పాపమ్మ, పాపారావు ఎక్కడివి? కరుణశ్రీ గారి అసలు పేరు జంధ్యాల పాపయ్య శాస్త్రి, ఎవరైనా నవ్వారా? మా గోదావరి వైపు బుల్లెమ్మలు, బుల్లెబ్బాయిలు, చిట్టెమ్మలు రేషన్ కార్డుల్లోనే ఉంటారు. బుల్లి, చిట్టి, బుజ్జి, చిన్ని ఏదైనా ఒకటే, చిన్నది అని. వీణ చిట్టిబాబు గారికి మొదట పెట్టిన పేరు హనుమాన్లు, ఇంట్లో పిలుచుకునే పేరునే వాళ్ళ నాన్నగారు తర్వాత అసలు పేరు చేశారు. ఈ మాట మీ నాన్నగారి చెవిన వేయండి.

ఇన్ని ముద్దుపేర్లు ఎందుకొచ్చాయంటే, నాకు తెలిసిన ఒక కారణం చెప్తాను. మనవడికి తాత పేరు పెట్టడం ఆనవాయితీ, కోడలు మామగారి పేరు నోటితో అనకూడదు. నాది మా తాత పేరే. ఆయన అరుగు మీద కూర్చుని ఉండగా మా అమ్మ ఆ పేరు పెట్టి "చచ్చినోడా, మళ్ళీ బురదలో దిగావా" అని ఎలా తిడుతుంది? అందుకని అబ్బులు అయిపోయాను. 74 ఏళ్ళొచ్చినా అబ్బులే.

మెదక్_అన్న:
మా దిక్కు ఇంకో తీరు. పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకొచ్చి పెంటయ్య అని పేరు పెట్టేవాళ్ళు, ఏ దిష్టీ తగలొద్దని. బయటివాళ్ళకు నవ్వులాట కానీ ఇంట్లోవాళ్ళకు అంతకన్నా ముద్దు పేరు లేదు. మా పెద్దనాన్న పెంటయ్యే.

బ్యాంకు_బుజ్జి:
నా అసలు పేరే బుజ్జి. ఎస్సెస్సీ మెమోలో, ఆధార్‌లో, అన్నిట్లో. బడిలో వేసేటప్పుడు సారు పేరడిగితే మా మామయ్య కంగారులో బుజ్జి అన్నాడు, ఆయన రాసేసుకున్నాడు, అంతే. ఇంటర్వ్యూలో పేరు చదవగానే నవ్వారు, నేనూ నవ్వేశాను, ఉన్న టెన్షన్ కాస్తా పోయింది. ఇప్పుడు కౌంటర్ దగ్గర పెద్దవాళ్ళు "బుజ్జి గారంటే మీరేనామ్మా" అని బోర్డు ఒకసారి, నా మొహం ఒకసారి చూస్తారు. దానికేం ఇబ్బంది లేదు. బాధ ఎక్కడంటే, అందరి మొగుళ్ళూ అలిగిన పెళ్ళాన్ని బుజ్జీ అని బుజ్జగిస్తారు, మా ఆయన అంటే నాకు హాజరు పిలిచినట్టుంటుంది. ముద్దుపేరు ఆఫీసు పాలైంది, ఇంట్లో పిలవడానికి ఇంకోటి అంటుకోలేదు.

పాతబస్తీ_పోరడు:
మా క్లాసులో ఒకడి పేరు రికార్డులోనే నాని. సినిమా నాని అసలు పేరు నవీన్ బాబు కాబట్టి ఆయనకి బడిలో గండం తప్పి ఉంటుంది, మావాడికి తప్పలేదు. క్లాసులో సగం మంది ఉర్దూవాళ్ళు, ఉర్దూలో నానీ అంటే అమ్మమ్మ. పదో తరగతి దాకా "నానీ, దువా దో" అని వాడి ముందు తల వంచేవాళ్ళు. హైదరాబాద్‌లో పేరు పెట్టేముందు పక్క భాషలో ఏమవుతుందో చూసుకోవాలి భాయ్. చిన్నికి భయం లేదు, మహా అయితే చీనీ అని చక్కెర చేస్తారు.

కాగితాల_బాబాయ్:
కథలు బావున్నాయి కానీ, పేరు ఎక్కించడానికి పుట్టిన రిజిస్ట్రేషన్ నుంచి 12 నెలల దాకా ఫీజు లేదు, ఆ తర్వాత లేట్ ఫీజుతో 15 ఏళ్ళ దాకా కుదురుతుంది. ఎక్కించాక మనసు మారితే మాత్రం అఫిడవిట్, పేపర్లో ప్రకటన, గెజిట్ కోసం చంచల్‌గూడ ప్రెస్ చుట్టూ తిరగడం. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్ళకి స్కూలుకీ పాస్‌పోర్టుకీ పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే, కాబట్టి తొందరపడకు.

మియాపూర్_నాన్న:
అందరికీ థాంక్స్. చిట్టిబాబు గారి సంగతి చెప్తే "ఆయన వీణ వాయించారు, నీ కూతురు ఇప్పటికి గిన్నెలే వాయిస్తోంది" అన్నారు మా నాన్న. బుజ్జి అక్క రాసింది మాత్రం మా ఆవిడకి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "చిన్ని బడికి వెళ్ళిపోతే మరి ఇంట్లో మనం ఏమని పిలవాలి?" అంది. ఇంకా నాలుగు నెలలు టైముంది.